గట్టు మీది నుంచి నడిమికి

మొన్న ఆదివారం మా మేనల్లుడు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, స్కూల్ కబడ్డీ టీమ్‌లో ఉన్నాడు. "మామయ్యా, ఈసారి నన్ను లెఫ్ట్ కవర్‌లో పెట్టారు. పోయిన మ్యాచ్‌లో రైట్ కార్నర్. అంతకుముందు రైడింగ్‌కి పంపారు. ఎవరు రాకపోతే వాళ్ల చోట్లో నేనే" అన్నాడు. వెనక నుంచి మా అక్క, "వీడు ఎక్కడైనా ఆడతాడని వాళ్ల పీటీ సార్ తెగ మెచ్చుకున్నార్రా" అంది. మెచ్చుకున్నారన్న మాట నిజమే అయ్యుంటుంది. వాడి గొంతులో మాత్రం ఆ సంతోషం లేదు.

ఆ గొంతు నాకు తెలుసు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి రాకముందు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఆరేళ్లు చేశాను. టెస్టింగ్‌లో చేరాను. సపోర్ట్‌లో మనిషి మానేస్తే అక్కడికి వెళ్లాను. క్లయింట్‌తో మాట్లాడేవాళ్లు లేకపోతే రాత్రి కాల్స్ నేనే తీసుకున్నాను. రిలీజ్ టెన్షన్ ఎక్కడుంటే నేనక్కడ. ఆరో ఏడాది ప్రమోషన్ మాట వచ్చినప్పుడు, "నువ్వు అన్నీ చేస్తావు, కానీ నీ ఏరియా అంటూ ఏదీ లేదు కదా" అన్నారు. ఆ రోజు బైక్ మీద ఇంటికొస్తూ ఆ మాటను పదిసార్లు తలుచుకున్నాను. నన్ను అన్ని చోట్లకీ తిప్పినవాళ్లే, నాకంటూ చోటు లేదన్నారు.

మేనల్లుడికి ఏం చెప్పాలో ఆలోచిస్తుంటే ఎలరీ హాన్లీ గుర్తొచ్చాడు. మనవాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. ఇంగ్లండ్ ఉత్తర జిల్లాల్లో ఆడే రగ్బీ లీగ్‌లో, గ్రేట్ బ్రిటన్ జట్టులో 1980లలోనూ 90ల మొదట్లోనూ ఆడినవాడు. వింగ్, సెంటర్, స్టాండాఫ్, లూజ్ ఫార్వర్డ్: నాలుగు చోట్ల ఆడాడు, నాలుగింటిలోనూ గొప్పగా ఆడాడు. ఆయన గురించి రాసేవాళ్లందరూ 'ఎక్కడైనా ఆడగల ఆటగాడు' అని రాస్తారు. ఆ మాట ఆయనకు చాలదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

లీడ్స్‌లో హెడింగ్లీ అంటే మనకు క్రికెట్ గ్రౌండ్. 2002లో ద్రవిడ్ 148, సచిన్ 193, గంగూలీ 128 కొట్టి ఇన్నింగ్స్ 46 పరుగుల తేడాతో గెలిచిన చోటు. నేను మాస్టర్స్ చేయడానికి లీడ్స్ వచ్చినప్పుడు ఆ గ్రౌండ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో గది దొరికిందని నాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పాను. వెళ్లి చూస్తే ఆ క్రికెట్ స్టాండ్‌కి వీపు ఆనించుకుని ఇంకో గ్రౌండ్ ఉంది. అది రగ్బీ లీగ్‌ది. ఊళ్లో చాలామందికి హెడింగ్లీ అంటే ఈ రెండోదే. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఇక్కడ పాతతరం మగవాళ్లు కూడా ఎదుటివాణ్ని 'లవ్' అని పిలుస్తారు, మనం 'బాబూ' అన్నట్టు. "క్రికెట్ చూడ్డానికి వచ్చావా లవ్? శుక్రవారం సాయంత్రం నాతో రా" అని ఆయనే మొదటిసారి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు వెళ్లామో లెక్కలేదు. హాన్లీ గురించి మొదట విన్నది ఆయన దగ్గరే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రగ్బీలో రెండు రకాలున్నాయి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై పాత సంఘం నుంచి విడిపోయాయి. కారణం కూలి డబ్బులు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆట కోసం పని మానితే ఆ పూట కూలి పోయేది. దాన్ని క్లబ్బు ఇవ్వాలని వీళ్లు, ఇస్తే ఆట డబ్బు పాలవుతుందని దక్షిణాది దొరలు. అలా పుట్టిన రగ్బీ లీగ్ ఇప్పటికీ యార్క్‌షైర్, లాంకషైర్ శ్రామికుల ఆటే. జట్టుకి 13 మంది. బంతి పట్టుకున్నవాణ్ని పట్టుకుని నేలకు దించితే వాడు లేచి కాలితో బంతిని వెనక్కి దొర్లించి మళ్లీ మొదలెట్టాలి. అలా పట్టి దించడమే టాకిల్. ఆరుసార్లు అలా దొరికితే బంతి ఎదుటివాళ్లది. ఎదుటివాళ్ల చివరి గీత దాటించి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై. కబడ్డీ ఆడినవాడికి ఈ ఆట ఇట్టే అర్థమవుతుంది. మనిషిని ఎక్కడ పట్టాలి, ఒక్కడు పట్టాలా ముగ్గురు పట్టాలా, పట్టు విడిపించుకుని ఒక్క అడుగు ముందుకు పడటం ఎంత విలువైంది, ఇవన్నీ మనకు కొత్త కాదు.

మైదానాన్ని ఒక పొలం అనుకోండి. రెండు వైపులా గట్ల వెంట ఉండేవాళ్లు వింగర్లు. వేగం వాళ్ల సొత్తు. బంతి వాళ్ల దాకా వచ్చేసరికి నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి, ఇక పరుగెత్తడమే మిగులుతుంది. వాళ్లకి కాస్త లోపల సెంటర్లు. ఇంకా లోపల 6వ నంబర్ స్టాండాఫ్, బంతి ఎటు వెళ్లాలో చెప్పేవాడు. నడిమధ్యలో ఫార్వర్డ్‌లు, దెబ్బలు తినేవాళ్లు, కొట్టేవాళ్లు. ఆ ఫార్వర్డ్‌లలో చివరివాడు 13వ నంబర్ లూజ్ ఫార్వర్డ్. సగం బరువు మోసేవాడు, సగం దారి చూపేవాడు.

ఇప్పుడు హాన్లీ ఆడిన చోట్లను వరసలో పెట్టి చూడండి: వింగ్, సెంటర్, స్టాండాఫ్, లూజ్ ఫార్వర్డ్. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి తిరిగినవాడి దారి అడ్డదిడ్డంగా ఉంటుంది. ఇది అలా లేదు. మధ్యలో వెనక్కీ ముందుకీ కదిలినా మొత్తం మీద ఒకే దిక్కుకి పోయింది. గట్టు మీద మొదలై ఏటికేడు నడిమికి జరిగింది. జరిగిన ప్రతిసారీ పని పెరిగింది, దెబ్బలు పెరిగాయి, ఆట మీద అధికారమూ పెరిగింది. ఈ దారి కనబడిన తర్వాత నాకు ఆయన రికార్డులన్నీ వేరేగా అర్థమయ్యాయి.

హాన్లీ 1961లో లీడ్స్‌లో పుట్టాడు. 1978లో బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ క్లబ్బులో చేరాడు. 1983లో ఛాలెంజ్ కప్ సెమీఫైనల్లో ఫెదర్‌స్టోన్ మీద దాదాపు మైదానం పొడవునా పరుగెత్తి చేసిన ట్రై ఆయన్ని దేశానికి చూపించింది. ఆ మ్యాచ్ మాత్రం వాళ్లు ఓడిపోయారు. 1984 వేసవిలో గ్రేట్ బ్రిటన్‌తో పర్యటనకు వెళ్లాడు. ఆస్ట్రేలియాలో మూడు టెస్టులు (ఈ ఆటలోనూ దేశాల మధ్య మ్యాచ్‌ని టెస్టే అంటారు), న్యూజిలాండ్‌లో మూడు, ఆరూ ఓటమే. అంత ఘోరమైన పర్యటనలోనూ 12 ట్రైలతో జట్టులో అందరికంటే ముందున్నాడు. తిరిగొచ్చి 1984-85 సీజన్‌లో 55 ట్రైలు చేశాడు. ఒక సీజన్‌లో 50 దాటడమంటే వింగర్లకే పెద్ద ఘనత. వింగర్ కానివాడు దాటడం ఎన్నో ఏళ్లకు గానీ జరగదు. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే మ్యాన్ ఆఫ్ స్టీల్ ఆయనకు దక్కింది. 1987లో, 1989లో మళ్లీ దక్కింది.

1985లో విగాన్ క్లబ్బు ఆయన్ని కొనుక్కుంది. లెక్క మొత్తం లక్షా యాభై వేల పౌన్లు. అందులో కొంత నగదు, మిగతాదానికి బదులు ఫిల్ ఫోర్డ్, స్టీవ్ డోన్లన్ అనే ఇద్దరు ఆటగాళ్లను బ్రాడ్‌ఫర్డ్‌కి ఇచ్చారు. ఒక మనిషి కోసం ఇద్దరు అంతర్జాతీయ స్థాయి మనుషులు, పైన డబ్బు. 1986-87లో ఆయన ఏకంగా 63 ట్రైలు చేశాడు.

నా వాదనకు అసలు కీలకం ఇక్కడుంది. 63 ట్రైలు చేసిన మనిషిని ఏ కోచ్ అయినా ఎక్కడ పెడతాడు? బయటి వైపు, ఖాళీ స్థలం ఉన్నచోట, దెబ్బ తగలకుండా. మామూలుగా బ్యాక్‌లు, అంటే ఫార్వర్డ్‌లకి బయట ఆడేవాళ్లు, వేగం తగ్గాక, ముప్ఫై దాటాక, లోపలికి జరుగుతారు. హాన్లీ 26 ఏళ్ల వయసులో, కాళ్లు మంచి జోరు మీద ఉన్నప్పుడు, 13వ నంబర్‌లో స్థిరపడ్డాడు. విగాన్ కోచ్ గ్రాహం లో న్యూజిలాండ్ నుంచి వచ్చినవాడు. ఆ కాలంలో ఆస్ట్రేలియా జట్లు బ్రిటన్ని చితకబాదుతున్నది ట్రైలతోనే కాదు, అలుపెరగని టాకిళ్లతో. ఆ పని చేయగల శరీరం, ఆ పని చేస్తూనే ఖాళీ కనిపెట్టగల కళ్లు, రెండూ ఒకే మనిషిలో విగాన్‌కి దొరికాయి.

1987 అక్టోబర్ 7 రాత్రి విగాన్ సెంట్రల్ పార్క్‌లో ఆస్ట్రేలియా ఛాంపియన్ మాన్లీతో మ్యాచ్ జరిగింది. దాదాపు 37 వేల మంది వచ్చారు. విగాన్ 8-2తో గెలిచింది. నాలుగు పెనాల్టీ గోల్స్, అన్నీ డేవిడ్ స్టీఫెన్సన్ కాలి నుంచి. రెండు జట్లలో ఎవరూ ఒక్క ట్రై చేయలేదు. ఇంగ్లండ్‌లో అందరికంటే ఎక్కువ ట్రైలు చేసే మనిషి ఆ రాత్రి 80 నిమిషాలు నడిమధ్యలో నిలబడి, వచ్చినవాణ్నల్లా పట్టి నేలకు దించుతూ గడిపాడు. పక్కింటి పెద్దాయన లీడ్స్ అభిమాని, విగాన్ అంటే గిట్టదు. అయినా ఆ మ్యాచ్ మాట వస్తే కుర్చీలో ముందుకు జరిగి కూర్చునేవారు. "నీకు ట్రైలు చూపిస్తారు, వీడియోల్లో అవే ఉంటాయి. ఆ రాత్రి వాడేం చేశాడో చూడు" అనేవారు. నాకు హాన్లీని అర్థం చేయించింది ఆ ఒక్క మ్యాచ్.

రంగు సంగతి ఎత్తకుండా ఈ కథ చెప్పడం నాకు సరిగ్గా అనిపించదు. హాన్లీ నల్లజాతివాడు. బ్రిటిష్ రగ్బీ లీగ్‌లో గొప్ప నల్లజాతి ఆటగాళ్ల పేర్లు వరసగా రాయండి. కార్డిఫ్ నుంచి వచ్చి కెరీర్లో 571 ట్రైలు చేసిన బిల్లీ బోస్టన్, వింగ్. అదే ఊరి క్లైవ్ సల్లివన్, వింగ్. డెస్ డ్రమ్మండ్, వింగ్. హెండర్సన్ గిల్, వింగ్. ఫిల్ ఫోర్డ్, ఎక్కువగా వింగ్. మార్టిన్ ఓఫియా, వింగ్. వీళ్లలో ఒక్కరూ తక్కువవాళ్లు కాదు. సల్లివన్ 1972 ప్రపంచకప్‌లో గ్రేట్ బ్రిటన్ కెప్టెన్. ఫైనల్లో ఆస్ట్రేలియా మీద మైదానం పొడవునా పరుగెత్తి ట్రై చేశాడు, మ్యాచ్ 10-10తో టై అయినా లీగ్ దశలో పైనున్నందుకు కప్పు వాళ్లకే వచ్చింది. హల్ నగరంలోకి వెళ్లే పెద్ద రోడ్డుకి ఇవాళ ఆయన పేరే ఉంది. కానీ ఇంతమంది గొప్పవాళ్లూ గట్టు మీదే ఎందుకున్నారన్న ప్రశ్న నన్ను వదలదు. ఫార్వర్డ్‌లలో సెకండ్ రో అనే చోట ఆడిన సెక్ థాంప్సన్, కోలిన్ డిక్సన్ లాంటివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మొత్తం వరస చూస్తే, వేగం ఉంది కాబట్టి అంచున పెట్టు, దారి చూపే పని ఇంకొకరికి ఇవ్వు అనే అలవాటు కనిపిస్తుంది. ఎవరో కూర్చుని రాసుకున్న నియమం అయ్యుండక్కర్లేదు. మనుషుల్ని చూడగానే వాళ్లేం చేయగలరో తేల్చేసే అలవాటు చాలు.

హాన్లీ గట్టు మీద నుంచి నడిమికి నడిచింది ఆ అలవాటుకి ఎదురుగా. అందుకే నాకు ఆయన బహుముఖ ప్రతిభ అనే మాట కంటే ఆ నడక పెద్దదిగా కనిపిస్తుంది.

1988 జూలై 9, సిడ్నీ. పదేళ్లుగా గ్రేట్ బ్రిటన్ ఆస్ట్రేలియాని ఒక్క టెస్టులోనూ ఓడించలేదు. ఆ సిరీస్‌లోనూ మొదటి రెండూ పోయాయి, 17-6, 34-14. మూడో టెస్టుకి వచ్చేసరికి సగం మంది గాయాలతో ఉన్నారు. అటు వాలీ లూయిస్ కెప్టెన్. ఇటు హాన్లీ కెప్టెన్, 13వ నంబర్‌లో. అంచుల మీద గిల్, ఓఫియా. అందరికంటే వెనక నిలబడే ఫుల్‌బ్యాక్‌గా ఫిల్ ఫోర్డ్, ఒకప్పుడు హాన్లీకి బదులుగా బ్రాడ్‌ఫర్డ్‌కి వెళ్లినవాడే. నలుగురూ ట్రైలు చేయగలవాళ్లు. చేయించే చోట హాన్లీ నిలబడ్డాడు. గిల్ రెండు, ఓఫియా ఒకటి, ఫోర్డ్ ఒకటి, చివర్లో మైక్ గ్రెగరీ అరమైదానం పైగా పరుగెత్తి ఇంకొకటి. 26-12. స్కోరుకార్డులో ట్రైల దగ్గర కెప్టెన్ పేరు లేదు. నా దృష్టిలో ఆయన అంతర్జాతీయ కెరీర్లో అన్నిటికంటే గొప్ప రోజు అదే. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బూట్ ఆయనకే ఇచ్చారు.

ఆ పర్యటన అయ్యాక ఆయన ఇంటికి రాలేదు. సిడ్నీలోనే బాల్‌మెయిన్ క్లబ్బుకి ఆడాడు. సీజన్ చివర్లో చేరి, సెంటర్‌గా ఆడుతూ, ఫైనల్స్‌కి చేరుతుందో లేదో తెలియని జట్టుతో కలిసి గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడ కాంటర్‌బరీ ఆటగాడు టెర్రీ లాంబ్ చేసిన టాకిల్‌కి తలకు దెబ్బ తగిలి మొదటి సగంలోనే బయటికొచ్చేశాడు. బాల్‌మెయిన్ 24-12తో ఓడింది. ఆ టాకిల్ గురించి బాల్‌మెయిన్ అభిమానులు ఇప్పటికీ మాట్లాడతారు. ఈ కథలో నేను గమనించేది ఇంకోటి. వేరే దేశం, వేరే జట్టు, అయినా ఆయన్ని సెంటర్‌లో పెట్టి అక్కడే ఉంచారు. వారానికో చోటికి తిప్పలేదు.

ఎక్కడైనా ఆడగలవాడి గురించి మాట్లాడేటప్పుడు జనం రెండు వేర్వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేస్తారు. ఒకటి, మనిషికి ఉన్న శక్తి. రెండోది, ఆ మనిషిని వాడుకునేవాడి సౌకర్యం. శక్తి మనిషిది. సౌకర్యం కోచ్‌ది, మేనేజర్‌ది, సెలెక్టర్‌ది. 'వీడు ఎక్కడైనా ఆడతాడు' అన్నప్పుడు ఎవరి గురించి చెబుతున్నారు? చాలాసార్లు తమ సౌకర్యం గురించే.

దీనికి మన ఇంటి ఉదాహరణ వీవీఎస్ లక్ష్మణ్. మిడిలార్డర్ బ్యాట్స్‌మన్. ఇండియాకి ఓపెనర్లు కుదరని కాలంలో, చోటు అక్కడే ఉందని, ఓపెనింగ్‌కి పంపారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా వచ్చి 167 కొట్టాడు, మెక్‌గ్రాత్, బ్రెట్ లీ బౌలింగ్‌లో. అంత కొట్టాక కూడా ఆ చోటు ఆయనది కాలేదు. ఇక ఓపెనింగ్ చేయనని ఆయనే తేల్చి చెప్పాడు. టీమ్‌లో ఉండటమే గొప్ప అనుకునే దేశంలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! హైదరాబాద్‌కి తిరిగొచ్చి 1999-2000 రంజీ సీజన్‌లో 1415 పరుగులు చేశాడు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ ఆడుతుంటే మూడో స్థానంలో పంపారు. అప్పటికి మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో నంబర్‌లో 59 కొట్టి ఉన్నాడు, ఆ జోరు చూసి పంపారు. 281. ఓపెనింగ్‌కి పంపడమూ చోటు మార్పే, మూడో నంబర్‌కి పంపడమూ చోటు మార్పే. మొదటిసారి జట్టులోని ఖాళీని చూశారు, రెండోసారి లక్ష్మణ్‌ని చూశారు.

ఒకప్పటి ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ కెప్టెన్ డారెన్ లాకియర్ కథ కూడా ఇలాంటిదే. ఫుల్‌బ్యాక్‌గా 2003లో గోల్డెన్ బూట్ గెలిచాడు. మరుసటి ఏడాది ఆయన క్లబ్బు బ్రిస్బేన్ ఆయన్ని 6వ నంబర్‌కి మార్చింది. వెంటనే అంతా బాగుపడలేదు. కానీ మళ్లీ వెనక్కి తీసుకెళ్లలేదు, కుదురుకునే దాకా ఆగారు. 2006లో ఆ కొత్త చోటు నుంచే క్లబ్బుకి టైటిల్, దేశానికి ట్రై-నేషన్స్ అనే మూడు దేశాల టోర్నీ తెచ్చి రెండో గోల్డెన్ బూట్ అందుకున్నాడు. వారానికోసారి మార్చి ఉంటే ఈ రెండోది వచ్చేదా? రాదనే నా నమ్మకం.

నాతో వాదించేవాళ్లు ఒక మాట అంటారు. జట్టన్నాక ఖాళీలు పూరించేవాళ్లు కావాలి, అందరూ నా చోటు నాకు కావాలంటే ఆట ఎలా జరుగుతుంది అని. న్యాయమైన ప్రశ్న. ఈ ఆటలో బెంచి మీద కూర్చునే 14వ నంబర్ ఉంటాడు, ఎవరికి దెబ్బ తగిలినా ఆ చోటికి వెళ్తాడు. అతను లేకపోతే చాలా మ్యాచ్‌లు పోతాయి. ఆ పని చిన్నదని నేననను. పెద్దదైతే పెద్దదానికిచ్చే విలువ ఇమ్మంటాను. ఏడాదిలో పది చోట్ల జట్టుని ఆదుకున్నవాణ్ని చివర్లో నిలబెట్టి 'నీ చోటేది' అని అడగడం అన్యాయం. ఖాళీ పూరించమని పంపింది ఎవరో వాళ్లే ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి.

ఇంకో మాట కూడా అంటారు, హాన్లీ లాంటి వరం అందరికీ ఉండదు, ఆయనతో మామూలు వాళ్లని పోల్చకు అని. ఇది నేను ఒప్పుకోను. ఆయనకు వరం ఉన్నమాట నిజం. కానీ ఆ వరం ఒక్కటే: గుంపులో ఖాళీ ఎక్కడ తెరుచుకోబోతోందో అది తెరుచుకోకముందే తెలియడం, తెలిసిన క్షణంలో అటు కదిలే బలం ఉండటం. వింగ్‌లోనూ అదే, సెంటర్‌లోనూ అదే, 13లోనూ అదే. నాలుగు చోట్ల నాలుగు ఆటలు ఆడలేదు. ఒకే ఆటని బంతికి ఇంకాస్త దగ్గరగా, ఇంకాస్త దగ్గరగా తీసుకొచ్చాడు. 1989లో వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్, సెయింట్ హెలెన్స్ మీద విగాన్ 27-0. ఆ మ్యాచ్‌లో ఆయన చేసిన ట్రై చూడండి. 13వ నంబర్ చొక్కా వేసుకున్న ఫార్వర్డ్, ఎడమకీ కుడికీ వంగుతూ ఒక్కొక్కణ్ని దాటుకుంటూ వెళ్తాడు. కాళ్లలో ఉన్నది పాత వింగరే. లాన్స్ టాడ్ ట్రోఫీ, అంటే ఆ ఫైనల్లో ఉత్తమ ఆటగాడి బహుమతి, ఆయనకే వచ్చింది.

1990లో వెంబ్లీలో ఆస్ట్రేలియా మీద 19-12తో గెలిచిన టెస్టుకీ ఆయనే కెప్టెన్. ఆ సిరీస్ చేతిదాకా వచ్చి పోయింది. మాంచెస్టర్‌లో రెండో టెస్టు ఆఖరి నిమిషాల్లో మాల్ మెనింగా ట్రై చేసి 14-10తో లాగేసుకున్నాడు, లీడ్స్‌లో మూడోది 14-0. 1992 పర్యటనకీ కెప్టెన్‌గానే వెళ్లాడు, గాయంతో తిరిగొచ్చేశాడు. పత్రికల వాళ్లతో చాలా ఏళ్లు మాట్లాడలేదు. తన సొంత జీవితాన్ని వాళ్లు రాసిన తీరు నచ్చక తలుపు మూసేసుకున్నాడు. దానివల్ల ఆయన గురించి తక్కువ రాశారు, తక్కువ గుర్తుంచుకున్నారు. ఆ మౌనం ఆయన హక్కు. కానీ ఆట గురించి ఆయన నోటితో ఇంకాస్త విని ఉంటే బాగుండేదని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

1991లో లీడ్స్ రెండున్నర లక్షల పౌన్లకు ఆయన్ని తెచ్చుకుంది. సొంత ఊరు. అప్పటికి 30 దాటాడు, తొడ కండరాలు మాటిమాటికీ ఇబ్బంది పెడుతున్నాయి. ఇక ఏముంది, నాలుగు రోజులు ఆడి ఆపేస్తాడన్నారట. 1994-95 సీజన్‌లో, 34 ఏళ్లు నిండిన ఆ ఏడాది, లూజ్ ఫార్వర్డ్‌గా 41 ట్రైలు చేశాడు. ఫార్వర్డ్ స్థానం నుంచి ఒక సీజన్‌లో అన్ని ట్రైలు అంతకుముందు ఎవరూ చేయలేదు. అదే సీజన్ మొదట్లో, 1994 శరదృతువులో, గ్రేట్ బ్రిటన్‌కి కోచ్‌గా కూడా ఉన్నాడు. షాన్ ఎడ్వర్డ్స్‌ని రెఫరీ బయటికి పంపేయడంతో 12 మందితో ఆడుతూ వెంబ్లీలో ఆస్ట్రేలియాని 8-4తో ఓడించిన జట్టు ఆయనదే. గట్టు మీద మొదలైన నడక మైదానం బయట, మొత్తం ఆటని చూసే కుర్చీ దాకా వచ్చింది. 1999లో సెయింట్ హెలెన్స్ కోచ్‌గా గ్రాండ్ ఫైనల్ కూడా గెలిచాడు, తన పాత క్లబ్బు బ్రాడ్‌ఫర్డ్ మీదే, 8-6.

పెద్దాయన్ని ఒకసారి అడిగాను, హాన్లీకి ఏ స్థానం బాగా నప్పింది అని. ఆయన ఆలోచించకుండానే 13 అన్నారు. ఎందుకన్నాను. "అక్కడ నిలబడినప్పుడు మిగతా పన్నెండుమంది వాడివైపు చూసేవాళ్లు. వింగ్‌లో ఉన్నప్పుడు మేం స్టాండ్‌లో వాళ్లం చూసేవాళ్లం" అన్నారు. మేనల్లుడికి చెప్పడానికి నాకు దొరికిన మంచి మాట ఇదే.

వాడికి ఇదంతా ఒక్కరోజులో చెప్పలేదు. రెండు మూడు ఆదివారాలు పట్టింది. 1989 ఫైనల్ వీడియో పంపితే, ట్రై ఆగాక మళ్లీ వెనక్కి తిప్పి చూశానన్నాడు. "మామయ్యా, అంతమంది పట్టుకోవడానికి వస్తున్నా ఆయన ముందు నడుమునే తిప్పుతున్నాడు, కాళ్లు తర్వాత కదులుతున్నాయి. మా రైడింగ్‌లో కూడా ఇంతే" అన్నాడు. కబడ్డీ ఆడేవాడికే కనిపించే సంగతి అది, నాకు తట్టలేదు. నేను వాణ్ని ఒకటే అడిగాను, నీకు ఎక్కడ నిలబడితే ఆట మొత్తం కనిపిస్తుంది అని. కాసేపు ఆలోచించి, "లెఫ్ట్ కార్నర్‌లో" అన్నాడు. "అక్కణ్నుంచి రైడర్ కాలూ కనిపిస్తుంది, మావాళ్ల ఆరుగురూ కనిపిస్తారు." అదే మాట మీ సార్‌కి చెప్పు, కావాలన్నట్టు కాదు, ఎందుకో చెప్పు అన్నాను.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. చెప్పాడట. సార్ మొదట నవ్వి, తర్వాత వీడు చెప్పింది విని, లెఫ్ట్ కార్నర్‌లోనే వరసగా ఆడించి దసరా దాకా చూద్దామన్నారట.